బడి పిల్లలు నూనె సీసా అడిగితే: మన పల్లి నూనె, హర్యానా ఆవనూనె, రైతు చూసుకోవాల్సిన సంగతులు

ఈ మధ్య ఊళ్లలో బడి పిల్లలు ఇంటింటికీ తిరిగి చిన్న సీసాల్లో వంటనూనె అడుగుతుంటే ఆశ్చర్యపోకండి. ‘ఏక్ భారత్ శ్రేష్ఠ భారత్’ కార్యక్రమంలో తెలంగాణకు హర్యానాను, ఆంధ్రప్రదేశ్‌కు పంజాబ్‌ను జత రాష్ట్రాలుగా పెట్టారు. ఇక్కడి బడులు అక్కడి బడులతో భాష, పాటలు, పండుగలు, వంటలు పంచుకుంటాయి. వంటల దగ్గరికి వచ్చేసరికి కొందరు సైన్సు టీచర్లు వంటనూనెను ప్రాజెక్టుగా ఎంచుకుంటున్నారు. మన పిల్లలు పల్లి నూనె, నువ్వుల నూనె పంపితే అక్కడి పిల్లలు ఆవనూనె పంపుతారు. రెండు చోట్లా రంగు, వాసన, చిక్కదనం, ఏ గింజ నుంచి ఎంత నూనె వస్తుంది అన్నవి పోల్చి రాసుకుంటారు.

పాలమూరు వైపు ఒక బడిలో ఇలాంటి ప్రాజెక్టు జరుగుతుంటే టీచరు నన్ను రమ్మన్నారు. బల్ల మీద పిల్లలు ఇళ్ల నుంచి తెచ్చిన సీసాలు వరుసగా పెట్టి ఉన్నాయి. ఆ ఊరిలో యాసంగి వచ్చిందంటే ఎటు చూసినా పల్లి చేనే. అయినా ఎక్కువ సీసాల్లో ఉన్నది కిరాణా కొట్టు ప్యాకెట్ నూనె, అందులోనూ పామాయిల్. గానుగ పల్లి నూనె రెండు మూడు సీసాల్లోనే ఉంది. వాటిలో ఒకదాని మూత తీస్తే ముక్కిన వాసన కొట్టింది. ఆ పిల్లవాడి తండ్రిని అడిగితే ఉన్నమాట చెప్పారు. మంచి గింజలు మార్కెట్‌కు పంపి, ఏరేసిన గింజలు గానుగకు పట్టుకెళ్లారట.

ఇరవై ఏడేళ్లుగా పల్లి రైతులతో తిరుగుతున్నాను. జిప్సం ఎప్పుడు వేయాలి, తిక్క ఆకుమచ్చకు ఏ మందు కొట్టాలి అని వందల సార్లు చెప్పాను. మీ ఇంట్లో ఏ నూనె వాడుతున్నారని మాత్రం ఎప్పుడూ అడగలేదు. ఏరేసిన గింజల నూనె ఎందుకు తినకూడదో ఈ వ్యాసంలో వివరంగా రాస్తున్నాను. పిల్లల ప్రాజెక్టుకు, మీ ఇంటికి పనికొచ్చే మిగతా సంగతులు కూడా చేర్చాను.

ఏ ప్రాంతానికి ఏ నూనె, ఎందుకు

నూనె అలవాటును నేల, వాతావరణం నిర్ణయించాయి. హర్యానాలో రేవాడి, మహేంద్రగఢ్, భివానీ, హిసార్ వైపు ఇసుక కలిసిన నేలలు, గట్టి చలికాలం. అక్టోబరులో విత్తిన ఆవ పంట ఒకటి రెండు తడులతోనే ఫిబ్రవరి, మార్చికి కోతకు వస్తుంది. పూత సమయంలో దానికి చలి కావాలి. మన దగ్గర అంత చలి ఉండదు, అందుకే మనకు ఆవాలు పోపుగింజగానే మిగిలాయి. మనవైపు ఎర్ర చల్కా నేలల్లో వానాకాలం, నీళ్లున్న చోట యాసంగిలో పల్లి వచ్చింది. తేలిక నేలల్లో, వేసవి తడుల కింద నువ్వు వచ్చింది. తాండూరు, జహీరాబాద్ వైపు నల్లరేగడిలో చలికాలం మంచుకే పండే కుసుమ ఉంది. అరకు కొండల్లో కార్తీకంలో పసుపు పరిచినట్టు పూసే వలిసెల నుంచి కూడా అక్కడివాళ్లు నూనె తీస్తారు. కేరళకు కొబ్బరి.

నూనె అనే మాటే నువ్వుల నుంచి వచ్చింది. నూ నెయ్యి అంటే నువ్వుల నెయ్యి. తమిళంలో ఎణ్ణెయ్ కూడా ఎళ్లు, అంటే నువ్వుల, నెయ్యే. సంస్కృతంలో తిలల నుంచి వచ్చింది తైలం. అంటే మన పెద్దలు మొదట వాడిన నూనె నువ్వులదే. పల్లి దక్షిణ అమెరికా నుంచి చాలా తర్వాత వచ్చిన పంట. గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ ఆవకాయకు పప్పునూనె కావాలంటారు, అది నువ్వుల నూనె. తెలంగాణలో, రాయలసీమలో అదే పచ్చడికి పల్లి నూనె పోస్తాం. ‘మంచినూనె’ అంటే ఒక జిల్లాలో నువ్వుల నూనె, ఇంకో జిల్లాలో పల్లి నూనె. పిల్లలు సీసా మీద చీటీ రాసేటప్పుడు మంచినూనె అని వదిలేయకుండా ఏ గింజో రాయమనండి. హర్యానా పిల్లలకు ఆ మాట అర్థం కాదు.

పిల్లలు సీసా తెరిచినప్పుడు ఏం చూస్తారు

ఆవనూనె మూత తీయగానే ముక్కులో ఘాటు ఎక్కుతుంది. మన పిల్లలు చెడిపోయిందనుకుని పక్కన పెట్టేస్తారు. అది చెడిపోవడం కాదు, దాని గుణమే అది. ఆవగింజ నలిగి తేమ తగిలినప్పుడు ఆ ఘాటు పుడుతుంది. అరటికాయ ఆవపెట్టి కూర వండే ఇళ్లలో ఆవ నూరేటప్పుడు కళ్లలో నీళ్లు వచ్చేది ఇందుకే. ఉత్తరాదివాళ్లు ఆ నూనెను పొగ వచ్చేదాకా కాచి, కాస్త చల్లార్చి, ఆ తర్వాత కూర వేస్తారు. మన గానుగ పల్లి నూనెను అలా పొగ వచ్చేదాకా కాచకండి, రుచి పోతుంది, నూనె కూడా పాడవుతుంది.

ఫ్రిజ్‌లో పెట్టి చూడటం పిల్లలకు నచ్చే పరీక్ష. కొబ్బరి నూనె అన్నిటికంటే ముందు గడ్డకడుతుంది. దానికి ఫ్రిజ్ కూడా అక్కర్లేదు, 24 డిగ్రీల కిందికి వస్తే చాలు. పామాయిల్ ఆ తర్వాత. పల్లి నూనె ఫ్రిజ్‌లో మబ్బుగా మారి చిక్కబడుతుంది. ఆవ, పొద్దుతిరుగుడు, కుసుమ నూనెలు పల్చగానే ఉంటాయి. ఈ తేడా నూనెలోని కొవ్వు రకాన్ని బట్టి వస్తుంది. కొబ్బరి నూనెలో సుమారు 90 శాతం, పామాయిల్‌లో దాదాపు సగం గడ్డకట్టే రకం కొవ్వు. పల్లి నూనెలో అది ఐదో వంతు వరకు ఉంటుంది, ఆవనూనెలో పదో వంతు కూడా ఉండదు. చలికాలం పొద్దున మీ పల్లి నూనె సీసాలో అడుగున తెల్లగా పేరుకుంటే కల్తీ జరిగిందని గానుగతనితో గొడవకు దిగకండి. ఎండ తగిలితే కరిగిపోతుంది. ఈ ఒక్క పరీక్షతో కల్తీ తేల్చలేం.

ఆవనూనెలో ఎరుసిక్ ఆమ్లం అనేది ఎక్కువ. మామూలు రకాల్లో 40 నుంచి 50 శాతం దాకా ఉంటుంది. అమెరికాలో దాన్ని వంటనూనెగా అమ్మనివ్వరు. మన దేశంలో తరతరాలుగా తింటున్నారు, శాస్త్రవేత్తలు ఆ ఆమ్లం తక్కువ ఉన్న పూసా మస్టర్డ్ 30, పూసా డబుల్ జీరో మస్టర్డ్ 31 వంటి రకాలు తెచ్చారు. ఆవనూనెకు మంచి గుణమూ ఉంది. మన పల్లి, నువ్వుల నూనెల్లో దాదాపు లేని ఒమేగా 3 కొవ్వు అందులో పదో వంతు దాకా ఉంటుంది. ఏ ఒక్క నూనెలోనూ అన్నీ ఉండవు. అందుకే హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ నూనెలు మార్చి మార్చి వాడమని చెబుతుంది.

ఆవ ప్రస్తావన వచ్చింది కాబట్టి బ్రహ్మదండి గురించి కూడా చెప్పాలి. బీడుల్లో ముళ్లతో, పసుపు పూలతో కనిపించే ఆ కలుపు మొక్క గింజ ఆవగింజలాగే ఉంటుంది. 1998లో ఢిల్లీలో ఆ నూనె కలిసిన ఆవనూనె తిని కాళ్లు వాచి, గుండె దెబ్బతిని 60 మందికి పైగా చనిపోయారు. ఆవగింజ నున్నగా ఉంటుంది, నలిపితే లోపల పసుపు. బ్రహ్మదండి గింజ గరుకుగా ఉంటుంది, నలిపితే లోపల తెలుపు. పిల్లల చేత ఈ పరీక్ష చేయించవచ్చు. నైట్రిక్ ఆమ్లంతో చేసే పరీక్ష మాత్రం బడి ప్రయోగశాలలో టీచరు చేయాల్సిందే.

గింజ నుంచి నూనె ఎంత

ప్రాజెక్టులో పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. రైతులు కూడా ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. గింజలో ఉన్న నూనె వేరు, గానుగలో చేతికొచ్చే నూనె వేరు. కొంత చెక్కలోనే ఉండిపోతుంది.

పల్లి గింజలో 45 నుంచి 50 శాతం నూనె ఉంటుంది. గానుగలో 100 కిలోల గింజలకు 38 నుంచి 42 కిలోలు వస్తుంది. కిలో నూనెకు రెండున్నర కిలోల గింజలని గుర్తుపెట్టుకోండి.
నువ్వుల్లోనూ నూనె 45 నుంచి 50 శాతమే. గానుగ రాబడి కూడా పల్లికి దగ్గరగానే ఉంటుంది.
ఆవాల్లో 35 నుంచి 42 శాతం. గానుగలో మూడో వంతు వస్తే మంచిదే.
కుసుమల్లో సుమారు 30 శాతం. పొట్టు మందం కాబట్టి గానుగలో ఇంకా తగ్గుతుంది.
ఎండు కొబ్బరిలో 60 శాతానికి పైనే.

ఇంకో సంగతి. కాయల బరువు వేరు, గింజల బరువు వేరు. 100 కిలోల కాయలు ఒలిస్తే 70 కిలోల గింజలు వస్తాయి. నూనెను కొందరు కిలోల్లో, కొందరు లీటర్లలో ఇస్తారు. లీటరు నూనె తూగేది 910 గ్రాములే. కిలో నూనె అంటే లీటరు మీద 100 మిల్లీలీటర్లు. గానుగ దగ్గర ఏ లెక్కన ఇస్తున్నారో ముందే అడగండి.

సొంత గింజ ఆడిస్తే గిట్టుతుందా

ఆ రోజు బడిలో ఒక అమ్మాయి సూటిగా అడిగింది: ‘సార్, మేము పల్లి పండిస్తాం కదా, పామాయిల్ ఎందుకు కొంటున్నాం?’ దానికి జవాబు లెక్క వేసి చూపిస్తేనే తేలుతుంది. 2025-26కి వేరుశనగ మద్దతు ధర క్వింటాకు 7,263 రూపాయలు. అది పట్టుకుని లెక్కేద్దాం. ఒలుపు కూలి, గానుగ కూలి, చెక్క ధర నేను లెక్క కోసం వేసుకున్నవి. వాటి చోట మీ ఊరి రేట్లు పెట్టుకోండి.

క్వింటా కాయలకు 7,263. ఒలుపుకు 150. వచ్చిన 70 కిలోల గింజల్లో చెడ్డవి 5 కిలోలు తీసేస్తే 65 కిలోలు. గానుగ కూలి కిలోకు 10 చొప్పున 650. మొత్తం ఖర్చు 8,063. నూనె 26 కిలోలు వచ్చిందనుకుందాం. తరుగు పోను చెక్క 37 కిలోలు, కిలో 40 చొప్పున 1,480. ఆ చెక్క విలువ తీసేస్తే నూనెకు పడింది 6,583 రూపాయలు. కిలోకు 253, లీటరుకు సుమారు 230.

పామాయిల్ ప్యాకెట్‌తో పోలిస్తే ఇది ఎక్కువే. గానుగ నూనె ఆడించుకుంటే డబ్బు మిగులుతుందని నేను చెప్పను. పట్నంలో గానుగ దుకాణం పల్లి నూనెతో పోల్చండి, తేడా తెలుస్తుంది. అయితే మనం పల్లి అమ్మి పామాయిల్ కొనడానికి ధర ఒక్కటే కారణం కాదు. పంట వచ్చినప్పుడు అప్పు తీర్చాలి కాబట్టి కాయలన్నీ ఒకేసారి అమ్మేస్తాం, నూనె మాత్రం నెలకింత కొంటాం. ఒకప్పుడు రేషన్ డిపోల్లో పామోలిన్ ఇచ్చిన రోజుల నుంచి నాలుకకు ఆ అలవాటు కూడా పడింది. దేశానికి కావాల్సిన వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచే వస్తోంది, అందులో పెద్ద భాగం ఇండోనేషియా, మలేషియా పామాయిలే. మన దగ్గర పెదవేగి చుట్టుపక్కల, ఖమ్మం వైపు పామాయిల్ తోటలు వేసిన రైతులూ ఉన్నారు. వాళ్ల పంటను నేను తప్పు పట్టడం లేదు. నేను మాట్లాడేది ఇంటి వాడకం గురించి.

ఇంటికి ఎంత కావాలి? పెద్దవాళ్లకు, చేసే పనిని బట్టి, రోజుకు 20 నుంచి 30 గ్రాముల నూనె చాలు. నలుగురున్న ఇంటికి మనిషికి 25 గ్రాముల చొప్పున ఏడాదికి 36 కిలోలు. అంటే సుమారు ఒకటిన్నర క్వింటా కాయలు. ఎకరాకు 10 క్వింటాళ్లు తీసే రైతు అందులో ఒకటిన్నర పక్కన పెట్టుకుంటే ఇంటి నూనె వెళ్లిపోతుంది. ఒక్కసారి అంత ఆపలేకపోతే ఒక క్వింటాతో మొదలుపెట్టండి. ఆ పక్కన పెట్టేది మీ పంటలో మంచి కాయలే కావాలి.

ఏరేసిన గింజలు గానుగకు ఎందుకు వద్దు

పుచ్చినవి, రంగు మారినవి, ముడతలు పడ్డవి, ఆకుపచ్చ బూజు పట్టినవి వ్యాపారి తీసుకోడు. నూనెలో ఏం కనిపిస్తుందిలే అని వాటిని గానుగకు పంపుతాం. నేను చూసిన ఊళ్లన్నింటిలో ఈ అలవాటు ఉంది. కానీ ఆ బూజుల్లో ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనేది ఒకటి ఉంది. అది అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. దానికి రంగు లేదు, రుచి లేదు. వేయించినా, వండినా పూర్తిగా పోదు. ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా ఒంట్లోకి వెళ్తే కాలేయం దెబ్బతింటుంది, కాలేయ క్యాన్సర్‌కు అది ఒక కారణం. పిల్లల ఎదుగుదలకూ మంచిది కాదు. ఇది మొదట బయటపడింది కూడా పల్లి చెక్క వల్లే. 1960లో ఇంగ్లండ్‌లో బ్రెజిల్ నుంచి వచ్చిన పల్లి చెక్క తిని లక్ష దాకా టర్కీ కోళ్లు చనిపోతే, కారణం వెతుకుతూ దీన్ని కనుక్కున్నారు.

పెద్ద మిల్లులో రిఫైన్ చేసేటప్పుడు క్షారంతో కడుగుతారు కాబట్టి ఈ విషం పోతుంది. గానుగ నూనెకు ఆ కడుగుడు ఉండదు. గింజలో ఉన్న విషంలో కొంత నూనెలోకి వస్తుంది, ఎక్కువ భాగం చెక్కలో ఉండిపోతుంది. ఆ చెక్క బర్రెకు పెడితే దాని రూపం మారి పాలలోకి వస్తుంది. ఆ నూనె, ఆ పాలు రెండూ ఇంట్లో పిల్లల కడుపులోకే వెళ్తాయి. రిఫైన్డ్ నూనె మంచిది కాదని గానుగకు మారి, అక్కడ చెడ్డ గింజ ఆడించుకుంటే ఇంకా పెద్ద తప్పు చేసినట్టే.

గానుగ నూనెను ఎండలో పెట్టే పాత అలవాటుకు ఒక ఆధారం ఉంది. పలచని గాజు సీసాలో పోసి ఎర్రటి ఎండలో గంటసేపు ఉంచితే అఫ్లాటాక్సిన్ బాగా తగ్గుతుందని మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు చూపించారు. గంట, మహా అయితే ఒక పూట చాలు. రోజుల తరబడి ఎండలో ఉంచితే నూనె త్వరగా పాత వాసన కొడుతుంది. ఇది బూజు గింజలు ఆడించుకోవడానికి అనుమతి మాత్రం కాదు. చెక్కలో ఉన్న విషం ఎండకు పూర్తిగా పోదు.

బూజును చేలోనే ఆపాలి. ఊడలు దిగే దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేస్తే కాయ పొట్టు గట్టిపడుతుంది, గింజ నిండుతుంది. చివరి మూడు నాలుగు వారాల్లో నేల బాగా ఎండి, వేడెక్కితే బూజు కాయలోకి దూరుతుంది. వీలుంటే ఆ సమయంలో ఒక తడి ఇవ్వండి. వేరుపురుగు, చెద కొట్టిన కాయ, పీకేటప్పుడు గడ్డపారో పారో తగిలి పగిలిన కాయ బూజుకు దారి. నాలుగైదు మొక్కలు పీకి కాయలు విప్పి చూడండి. నాలుగింట మూడు కాయల్లో పొట్టు లోపలి వైపు గోధుమ రంగుకు తిరిగి ఉంటే పీకవచ్చు. ఇంకా ఆలస్యం చేస్తే కాయలు నేలలోనే తెగి మిగులుతాయి. వాటిని తర్వాత తవ్వి ఏరిన కాయలు అసలు కుప్పలో కలపకండి. బూజు ఎక్కువగా ఉండేది వాటిలోనే.

పీకిన కట్టెను కాయలు పైకి ఉండేలా తిరగేసి ఆరబెట్టండి. పచ్చి కట్టెను వామిగా వేస్తే రెండు రోజుల్లో లోపల వేడెక్కి బూజు పడుతుంది. కోసిన కాయలను టార్పాలిన్ మీద పలచగా పరిచి నాలుగైదు రోజులు తిప్పుతూ ఆరబెట్టండి, రాత్రి మంచుకు కప్పండి. చెవి దగ్గర పెట్టి ఊపితే గింజ గలగలలాడాలి. పెద్ద రైతులు తేమ మీటరు వాడతారు, కాయలో తేమ 8, 9 శాతానికి దిగాలి. సంచులను నేల మీద కాకుండా కర్రల మీద, గోడకు జానెడు దూరంలో పేర్చండి. తొందరగా ఒలవాలని కాయల మీద నీళ్లు చల్లి మిషన్‌లో వేసే అలవాటు కొన్ని చోట్ల ఉంది. దయచేసి అది మానండి. బాగా ఎండబెట్టిన కాయ కూడా దానితో మళ్లీ పాడవుతుంది.

ఇంటి నూనె కోసం కాయలను ఒకేసారి ఒలవకండి. పొట్టు గింజకు కాపలా. రెండు మూడు నెలలకు సరిపడా మాత్రమే ఒలిచి, చేటలో పోసి చెడ్డ గింజలు ఏరి, ఒక రోజు ఎండ పెట్టి గానుగకు తీసుకెళ్లండి. ఈ ఏరడం పిల్లల చేత చేయిస్తే వాళ్ల ప్రాజెక్టులో రాసుకోవడానికి ఒక పేజీ వస్తుంది. ఏరిన గింజలను తూకం వేసి నూటికి ఎన్నో లెక్క కట్టమనండి. తర్వాత వాటిని పశువులకు పెట్టకుండా, కోళ్లకు వేయకుండా పూడ్చేయండి. మూడు కిలోలు పోతే పోయాయి.

గానుగ దగ్గర, ఇంటి దగ్గర

మీ గింజ మీ కళ్ల ముందు ఆడించండి. మీకంటే ముందు ఎవరి గింజ ఆడిందో చూసి, గానుగ అడుగు తుడవమనండి. నువ్వులకైతే కొన్ని చోట్ల బెల్లం వేస్తారు, నూనె విడవడానికి అది పాత పద్ధతే. నువ్వు చెక్క, అదే తెలగపిండి, శుభ్రంగా ఆడించినదైతే కూర వండుకోవచ్చు, గోదావరివైపు ఇష్టంగా తింటారు. తెచ్చిన నూనెను మూత పెట్టి నాలుగైదు రోజులు కదపకుండా ఉంచితే మడ్డి అడుగుకు చేరుతుంది. పైన తేరుకున్న నూనెను పొడి గుడ్డతో వడకట్టి స్టీలు డబ్బాలో గానీ ముదురు రంగు గాజు సీసాలో గానీ పోసి నీడలో పెట్టండి. తడి గరిటె ముంచితే అదే పాడవడానికి మొదలు. అన్నిటికంటే తొందరగా పాత వాసన కొట్టేవి కుసుమ, పొద్దుతిరుగుడు నూనెలు, నిదానంగా పాడయ్యేది నువ్వుల నూనె. పల్లిలో నిల్వ గుణం కావాలంటే ఒలీక్ ఆమ్లం ఎక్కువున్న గిర్నార్ 4, గిర్నార్ 5 రకాలు జునాగఢ్ వేరుశనగ పరిశోధనా కేంద్రం, పటాన్‌చెరులోని ఇక్రిశాట్ కలిసి తెచ్చాయి. విత్తనం దొరికితే ఇంటి వాడకానికి ఒక మడి వేసి చూడండి.

మీ నూనె బాగుందని పక్కింటివాళ్లు అడిగితే ఇవ్వండి, మంచిదే. కానీ డబ్బాల్లో పోసి పట్నంలో అమ్మాలనుకుంటే ఆహార భద్రతా చట్టం కింద రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. విడి నూనె అమ్మడం నిషేధం, సీల్ వేసి చీటీ అంటించిన ప్యాకింగ్ ఉండాలి. ఒక నూనెలో ఇంకొకటి కలిపి ఒకే పేరుతో అమ్మితే కేసు అవుతుంది. ఆవనూనెలో అయితే వేరే వంటనూనె కలపడాన్నే 2021 జూన్ 8 నుంచి పూర్తిగా ఆపేశారు.

పిల్లలకు ఇచ్చే సీసా

100 మిల్లీలీటర్ల నూనె చాలు. సీసా కడిగి పూర్తిగా ఆరాక పోయండి. మెడ దాకా నింపకండి, ఎండకు నూనె వ్యాకోచించి కారుతుంది. మూత మీద టేపు చుట్టి, రెండు ప్లాస్టిక్ కవర్లలో పెట్టండి. చీటీ మీద గింజ పేరు, రకం, ఊరు, జిల్లా, వానాకాలమా యాసంగా, ఆడించిన తేదీ, గానుగా ఎక్స్‌పెల్లరా అన్నవి రాయించండి. సీసాతో పాటు గుప్పెడు కాయలు, గుప్పెడు గింజలు, ఒక చెక్క ముక్క కూడా విడివిడిగా ఇవ్వండి. నేల లోపల కాసే కాయను అక్కడి పిల్లల్లో చాలామంది చూసి ఉండరు. కట్టెతో సహా ఆరిన మొక్క ఒకటి పంపగలిగితే ఇంకా మంచిది.

అక్కడి నుంచి వచ్చిన ఆవనూనె రుచి చూడాలనుకుంటే సీల్ వేసి, తేదీ ఉన్న ప్యాకింగ్ అయితేనే వంటకు వాడండి. విడి సీసాలో వచ్చింది చూడటానికే. వచ్చిన ఆవగింజలను విత్తనంగా చేలో చల్లకండి. మన వేడికి సరిగా పూత నిలవదు, పైగా తెలియని కలుపు గింజలు వాటితో రావచ్చు.

మీ కాయల్లో బూజు ఎక్కువగా కనిపిస్తే కుప్ప అమ్మేముందే ఒక కిలో నమూనా తీసి మీ వ్యవసాయ విస్తరణాధికారికి చూపించండి. అఫ్లాటాక్సిన్ పరీక్ష ఎక్కడ చేస్తారో, నమూనా ఎలా తీయాలో వాళ్లు చెబుతారు. అందుబాటులో లేకపోతే కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కి ఉదయం 6 నుంచి రాత్రి 10 లోపు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.